బొమ్మ కనిపించని బొమ్మలు

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



చిత్రకళా ప్రదర్శనకి వెళ్ళినప్పుడు మనలో చాలామందికి ఒక ఇబ్బంది ఎదురవుతూ ఉంటుంది. రాధాకృష్ణుల బొమ్మ ఉంటే హాయిగా నిలబడి చూస్తాం. నీళ్ళకి వెళ్ళే పల్లెపడుచు బొమ్మ ఉంటే, "ఆ కడవ చూడు, నిజం కడవలా లేదూ!" అనుకుంటాం. ఆ పక్కనే గోడకి ఇంకో కాగితం తగిలించి ఉంటుంది. దాని మీద గీతలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ మన కాళ్ళు ఆగవు. "ఇందులో ఏముందండీ?" అని ఎవర్నయినా అడుగుదామంటే మొహమాటం. అడక్కుండానే ముందుకి నడిచిపోతాం.

ఇలాంటి చిత్రాలని ఇంగ్లీషులో ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ అంటారు. తెలుగులో నైరూప్య చిత్రకళ అని పేరు. ఇది మనిషి, ఇది చెట్టు అని గుర్తుపట్టే రూపం అందులో ఉండదు కనక ఆ పేరు వచ్చింది. మరి, చేతిలో విద్య ఉన్న మనిషి రూపాలన్నీ వదిలేసి గీతలు ఎందుకు గీస్తుంది? బొమ్మ వెయ్యడం చేతకాకనా? లోకం మీద విసుగు పుట్టా? ఈ ప్రశ్నలకి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పేకన్నా, ఒక స్త్రీ కథ చెప్పుకుంటే సులువుగా బోధపడుతుందని నా ఉద్దేశం. ఆవిడ పేరు నస్రీన్ మొహమ్మదీ. మన దేశపు చిత్రకారిణి. గీతలు గీశారు, ఫొటోలు తీశారు. ఈ రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

నస్రీన్ 1937లో కరాచీలో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే తల్లి పోయింది. చిన్నతనంలోనే కుటుంబం బొంబాయి వచ్చేసింది. కలిగిన కుటుంబం. తండ్రికి అరేబియా సముద్రానికి అవతల బహ్రెయిన్‌లో కూడా వ్యాపారం ఉండేది. అందులో ఫొటో సామాను అమ్మే దుకాణం ఒకటి. కనక ఆ ఇంటి పిల్లకి కెమెరా అద్దాల బీరువాలో దాచిపెట్టే వింత వస్తువు కాదన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

1954లో, పదిహేడేళ్ళ వయసులో, ఆవిడ లండన్ వెళ్ళి సెయింట్ మార్టిన్స్ కళాశాలలో చేరారు. ఆ రోజుల్లో ఆడపిల్లని చిత్రకళ చదవడానికి సముద్రాలు దాటించడం ఎంతమంది తల్లిదండ్రులకి సాధ్యం చెప్పండి! అక్కడ మూడేళ్ళు చదివి 1957లో తిరిగి వచ్చారు. కొన్నాళ్ళు బహ్రెయిన్‌లో ఉన్నారు. తర్వాత బొంబాయి. మళ్ళీ 1961 నుంచి 1963 దాకా స్కాలర్‌షిప్పు మీద పారిస్‌లో ఉన్నారు.

ఈ ప్రయాణాల్లో ఆవిడ మనసుకి పట్టినవి ఏమిటో ఆవిడ డైరీల్లో తెలుస్తుంది. పెద్ద పెద్ద భవనాల వర్ణనలు అక్కడ తక్కువ. సముద్రం, ఎడారి, ఇసుక మీద వెలుగు, నీడ, ఇవే పదేపదే వస్తాయి. ఎడారి అంటే మనకి ఏముంటుంది? ఏమీ లేని చోటు అంటాం. కానీ ఏమీ లేని చోట కన్ను ఊరుకోదు. గాలి ఇసుకలో తీర్చిన చార దానికి కనిపిస్తుంది. ఆకాశమూ నేలా కలిసే ఒక్క గీత కనిపిస్తుంది. సామాను నిండిన గదిలో గోడమీద పడే ఎండని మనం చూడం. అదే గది ఖాళీ చేసి, సున్నం వేసిన రోజున ఆ ఎండే గదంతా ఉన్నట్టు అనిపిస్తుంది. నస్రీన్‌కి ఎడారీ సముద్రతీరమూ అలాంటి ఖాళీ గదులు.

బొంబాయిలో వార్డెన్ రోడ్డులో భూలాభాయ్ దేశాయ్ స్మారక సంస్థ అని ఒకటి ఉండేది. చిత్రకారులు, నాటకాలవారు, సంగీతకారులు ఒకే కప్పుకింద పని చేసుకునేవారు. నస్రీన్‌కి అక్కడ చోటు దొరికింది. అక్కడే వి. ఎస్. గాయితొండే అనే చిత్రకారుడితో పరిచయం అయింది. ఆయన నస్రీన్ కన్నా పదమూడేళ్ళు పెద్ద. రూపం లేని చిత్రాలు వేసేవాడు. ఆలోచన ఎక్కువ, పని తక్కువ. ఏడాదికి వేసేవి కొద్ది చిత్రాలే. తొందరపడకుండా పని చెయ్యడం, మౌనంగా ఉండడం, అక్కర్లేనిది తీసెయ్యడం, ఈ పద్ధతి ఆయన దగ్గర నస్రీన్ దగ్గరగా చూశారు.

అయితే ఒక్కరోజులో ఎవరూ రూపాలని వదిలెయ్యరు. నస్రీన్ కూడా వదల్లేదు. 1960 తర్వాత కొన్నేళ్ళు ఆవిడ కుంచెతో, సిరాతో, నీటిరంగులతో వేసిన చిత్రాలు చూస్తే, కొమ్మలా అనిపించేది ఒకటి ఉంటుంది, గడ్డిపోచలా అనిపించేది ఒకటి ఉంటుంది. కొన్నిట్లో రంగు కూడా ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. ముందు రంగు పోయింది. నలుపు, తెలుపు, వాటి మధ్య బూడిదరంగు మిగిలాయి. తర్వాత కొమ్మ వంపు పోయింది. కుంచె కూడా పోయింది. 1970 ప్రాంతానికి ఆవిడ చేతిలో మిగిలినవి పెన్సిలు, సిరా, స్కేలు. కాగితం మీద మిగిలినవి తిన్నని గీతలు.

పులుసు దగ్గరపడేదాకా మరిగిస్తాం చూడండి. నీరు పోతుంది, రుచి పోదు. చిక్కబడుతుంది. ఆవిడ పదేళ్ళు చేసింది ఆ పనే.

ఆ గీతలు ఎలా ఉంటాయో కాస్త వివరంగా చెప్తాను. ఒక తెల్లకాగితం ఊహించుకోండి. పెద్దదేం కాదు, చేతుల్లో పట్టుకుని చూడగలిగినంత. దానికి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నని గీతలు, ఒకదాని కింద ఒకటి. వాటిని దాటుకుంటూ ఏటవాలుగా మరికొన్ని. మొదట చూడగానే పిల్లల గీతల నోటుబుక్కులా ఉంటుంది. ఇంకొక్క నిమిషం చూస్తే తేడా తెలుస్తుంది. గీతకీ గీతకీ మధ్య దూరం ఒకేలా లేదు. ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా. ఒక గీత గాఢంగా మొదలై, పోనుపోను మసకబారి, కాగితంలో కలిసిపోయింది. ఇంకొకటి వెంట్రుకకన్నా సన్నం. అలా చూస్తూ ఉంటే కాగితం మధ్యలో నీటి అలలాగా ఒక కదలిక కనిపిస్తుంది. అక్కడ నీళ్ళు లేవు, అల వెయ్యలేదు. గీతల మధ్య దూరాలు మార్చినందుకే మన కంటికి ఆ కదలిక పుట్టింది.

ఇది ఎంత కష్టమైన పనో ఆవిడ వాడిన పరికరాన్ని బట్టి తెలుసుకోవచ్చు. ఇళ్ళ ప్లానులు గీసేవాళ్ళు పూర్వం రూలింగ్ పెన్ అని ఒకటి వాడేవారు. దానికి పాళీ ఉండదు. రెండు సన్నని ఉక్కు రేకులు, వాటిని దగ్గరకీ దూరానికీ జరిపే చిన్న మర. రేకుల మధ్య సిరా చుక్క నిలబెట్టి, స్కేలు పక్కన ఒకే ఒత్తిడితో లాగాలి. మర తిప్పితే గీత మందం మారుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, అక్కడ సిరా ఊరిపోతుంది. పెన్సిలు గీతయితే రబ్బరుతో చెరుపుకోవచ్చు. సిరా గీతకి ఆ వీలు లేదు. వంద గీతలు గీశాక నూటొకటో గీత చెడితే, కాగితమంతా చెడినట్టే.

ముగ్గు వేసే చేతులకి ఈ మాట వేరే చెప్పాలా? మెలికల ముగ్గులో చెయ్యి ఆగితే పిండి కుప్ప పడుతుంది. అన్నట్టు, మెలికల ముగ్గులో ఏ రూపం ఉంది చెప్పండి? పువ్వు లేదు, చిలక లేదు. చుక్కలు, వాటి చుట్టూ తిరిగే గీత, అంతే. దాన్ని చూసి "ఇందులో ఏముందండీ?" అని ఎవరూ అడగరు. బాగుంది అంటారు, పక్క నుంచి జాగ్రత్తగా నడుస్తారు. రూపం లేని అందం మన గుమ్మానికి కొత్తకాదని చెప్పడానికే ఈ మాట అన్నాను. నస్రీన్ గీతలకి ముగ్గే మూలం అనడం నా ఉద్దేశం కాదు. పోలికలో ఒక తేడా కూడా ఉంది. ముగ్గులో చుక్కల మధ్య దూరం సమంగా ఉండాలి. నస్రీన్ గీతల్లో ఉన్న ప్రాణమంతా ఆ దూరం మారడంలోనే ఉంది.

ఇక ఫొటోల సంగతి. ఇది నాకు మరీ ఇష్టమైన భాగం.

పైన చెప్పిన గీతలు మాత్రమే చూసినవాళ్ళకి, ఈవిడ తలుపులు మూసుకుని తన లోకంలో తాను ఉండే మనిషేమో అనిపించవచ్చు. ఆవిడ ఫొటోలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అవన్నీ నలుపు తెలుపు ఫొటోలు. అందులో ఉన్నవి ఏమిటి? తారురోడ్డు మీద వేసిన తెల్లచారలు. అల వెనక్కి పోయాక తడి ఇసుకలో మిగిలిన గుర్తులు. మగ్గం మీద బిగించిన పడుగు దారాలు. అక్బరు కట్టించిన ఫతేపూర్ సిక్రీలో రాతిపలకలు కలిసే అంచులు, మెట్లు, నీళ్ళు. కొత్తగా కట్టిన చండీగఢ్ నగరంలో కాంక్రీటు గోడల నీడలు. అన్నీ మనం నడిచే చోట్లే. కాలికింద ఉండేవే.

మరి వాటిని ఆవిడ తీసిన తీరు వేరు. ఫతేపూర్ సిక్రీ వెళ్ళినవాళ్ళం మనం ఏం చేస్తాం? బులంద్ దర్వాజా ముందు అందరినీ వరసగా నిలబెట్టి ఫొటో తీయిస్తాం. నస్రీన్ దర్వాజా వదిలేసి నేల చూశారు. ఒక పలకా ఇంకో పలకా కలిసేచోట ఉన్న సన్నని నల్లగీత, దాని మీద ఏటవాలుగా పడ్డ నీడ, అంతవరకే ఉంచుకున్నారు. ప్రింటు తీశాక అక్కర్లేని అంచులు కత్తిరించేసేవారు. ఆకాశం, దిక్కు, మనుషులు, పరిమాణం తెలిపే వస్తువు ఏవీ ఉండనివ్వరు. కొన్ని ఫొటోలు చూస్తే అది బెత్తెడు చోటో, మైలు పొడుగు మైదానమో చెప్పలేం. ఊరి పేరు తెలియదు. వెలుగెక్కడ మొదలైంది, చీకటెక్కడ ఆగింది అన్నది మాత్రం తెలుస్తుంది.

చూశారా మరి! ఉన్న వస్తువుని ఉన్నట్టు పట్టే యంత్రమని కదా కెమెరాకి పేరు. ఆ కెమెరాతోనే ఆవిడ రూపం లేని చిత్రం తీశారు. అంటే రూపం లేని ఆ అందం ఆవిడ గాలిలో నుంచి కల్పించింది కాదు. అది రోడ్డు మీద ఉంది, మగ్గం మీద ఉంది, ఒడ్డున ఉంది. గీతల కాగితాలూ ఫొటోలూ పక్కపక్కన పెడితే ఒకే కన్ను చేసిన రెండు పనులని ఎవరికైనా తెలుస్తుంది. అలాగని ఫొటో పక్కన పెట్టుకుని దాన్ని చూసి గీత గీశారని అనుకోవద్దు. ఏ కాగితానికీ ఇదిగో ఈ ఫొటో మూలం అని చూపలేం. ఫొటోలు తీసి తీసి కన్ను సాధన చేసింది. గీసి గీసి చెయ్యి సాధన చేసింది.

1972లో ఆవిడ బరోడా వెళ్ళి, మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలోని చిత్రకళా విభాగంలో అధ్యాపకురాలిగా చేరారు. ఆ ఊరు అప్పట్లో చిత్రకారులకి పెట్టింది పేరు. కాకపోతే అక్కడి గాలి వేరు. భూపేన్ ఖఖ్ఖర్, గులాం మహమ్మద్ షేక్ లాంటి వారు బొమ్మల్లో కథలు చెప్పేవారు. వీధులు, దుకాణాలు, మామూలు మనుషులు వాళ్ళ చిత్రాల నిండా ఉండేవారు. మనిషి బొమ్మకి మళ్ళీ పెద్దపీట వేసిన 'ప్లేస్ ఫర్ పీపుల్' అనే పేరున్న ప్రదర్శన 1981లో బొంబాయిలోనూ ఢిల్లీలోనూ జరిగింది. వాళ్ళందరూ నస్రీన్‌కి తెలిసినవారే, స్నేహితులే. అంతమంది కథలు చెబుతున్న చోట ఈవిడ ఒక్కతే కథ లేని గీత గీస్తూ కూర్చున్నారు. ఎవరితోనూ వాదానికి దిగలేదు. తన దారి మంచిదని ఉపన్యాసాలూ ఇవ్వలేదు. ఆవిడ ఇంట్లో సామాను బహు తక్కువనీ, శుభ్రం ఎక్కువనీ, హిందూస్థానీ సంగీతం వింటూ నేలమీద కూర్చుని పొట్టి డ్రాయింగు బల్ల మీద వంగి గంటల తరబడి గీసేవారనీ తెలిసినవాళ్ళు చెప్తారు.

ఇంకొక విశేషం. చిత్రాలకి ఆవిడ పేర్లు పెట్టలేదు. చాలావాటి మీద తేదీలు కూడా వెయ్యలేదు. పేరు పెడితే చూసేవాళ్ళ కన్ను ముందు పేరు మీద పడుతుంది. 'సముద్రం' అని రాసి ఉంటే మనం సముద్రాన్ని వెతుక్కుంటాం, గీతని చూడం. ఆ ఆసరా ఆవిడ ఇవ్వలేదు. డైరీలు మాత్రం రోజువారీ రాసేవారు. ఆ డైరీల పేజీలు కూడా చిత్రాల్లాగే ఉంటాయి. రాసిన మాటల మీద సిరా పట్టీలు వేసి కొట్టేసి, అక్కడొక మాట, ఇక్కడొక మాట మిగిల్చారు.

ఇప్పుడు కష్టమైన భాగానికి వచ్చాం. ఆవిడకి నరాలకి సంబంధించిన అరుదైన జబ్బు వచ్చింది. శరీరం చెప్పినమాట వినకుండా పోయే జబ్బు. 1980 తర్వాత క్రమంగా ముదిరింది. కాలు తడబడేది. చెయ్యి తన పట్టులో ఉండేది కాదు. స్కేలు పక్కన సిరా చుక్కని ఒకే ఒత్తిడితో లాగవలసిన చెయ్యి సంగతి చెప్తున్నాను. గొంతు పోయిన గాయని ఎలాగో, ఇదీ అలాగే కదా.

అలాంటప్పుడు మనిషి ఏం చేస్తుంది? మానెయ్యవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. పని తేలిక చేసుకోవచ్చు, వణికే గీతనే ఒక అందంగా చూపించవచ్చు. అలా చేసిన గొప్ప కళాకారులూ ఉన్నారు. నస్రీన్ ఆ రెండూ చెయ్యలేదు. ఆ ఏళ్ళలోనే ఆవిడ చిత్రాలు ఇంకా తక్కువ గీతలతో, ఇంకా కచ్చితంగా తయారయ్యాయి. ముందు కాగితమంతా నిండిన గళ్ళు పోయాయి. తెల్లని కాగితంలో ఒక ఏటవాలు గీత, దానికి కొంచెం ఎడంగా ఇంకొకటి. ఎక్కడో ఒక వంపు, ఒక సగం వలయం. బాణం వదిలాక గాలిలో మిగిలిన దారిలా ఉంటాయవి. తప్పు జరిగితే కప్పిపుచ్చుకోవడానికి పక్కన ఇంకో గీత కూడా లేదు.

జబ్బుకి మందుగా ఆవిడ గీతలు గీశారని కొందరికి అనిపించవచ్చు. అది పూర్తిగా సరిపోదు. తిన్నని గీత దగ్గరికి ఆవిడ వచ్చింది జబ్బు ముదరకముందు, ఎన్నో ఏళ్ళ ముందు. కాకపోతే అన్నేళ్ళూ చేసిన సాధన ఆ రోజుల్లో ఆవిడని నిలబెట్టింది. శరీరం పట్టు తప్పుతుంటే, పట్టు తప్పని చోటు ఒకటి రోజూ కాగితం మీద చేసుకున్నారు. 1990లో, బొంబాయికి అవతల అలీబాగ్ దగ్గర కిహీమ్ అనే సముద్రతీర గ్రామంలో కన్నుమూశారు. ఎక్కువకాలం బతకలేదనే చెప్పాలి.

ఫొటోలు తీశారని ఇందాక చెప్పాను కదా, ఆవిడ బతికుండగా ఆ ఫొటోల ప్రదర్శన ఒక్కటీ జరగలేదు. తన కోసం తీసుకుని, తన దగ్గరే ఉంచుకున్నారు. గీసిన కాగితాలు స్నేహితులకి ఇచ్చేసేవారు. ఆవిడ పోయాక ఇవన్నీ ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. బరోడాలో ఆవిడ దగ్గర చదువుకున్న రూబీనా కరోడే, 2013లో ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియంలో తన గురువుగారి చిత్రాలు, ఫొటోలు, డైరీలు అన్నీ కలిపి పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేశారు. అది 2015లో స్పెయిన్ దేశపు మాడ్రిడ్‌లోని రెయీనా సోఫియా మ్యూజియంకి వెళ్ళింది. 2016లో న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం వారు 'మెట్ బ్రాయర్' అనే కొత్త శాఖ తెరిచినప్పుడు, ప్రారంభంలో చూపించిన ప్రదర్శనల్లో ఒకటి ఈ బరోడా అధ్యాపకురాలిది. కరాచీలో పుట్టి, బరోడాలో నేలమీద కూర్చుని గీసిన గీత ఎంతదూరం వెళ్ళిందో చూశారా!

సరే, ఇదంతా విన్నాక మనం చెయ్యగలిగింది ఏమిటి? మ్యూజియం అందరికీ దగ్గర్లో ఉండదు. చిన్న పని ఒకటి చెప్తాను. ఏదైనా పాత శుభలేఖ అట్ట తీసుకోండి. మధ్యలో అగ్గిపెట్టె అంత కన్నం కత్తిరించండి. మధ్యాహ్నం పని తెమిలాక, ఒక కన్ను మూసి, ఆ కన్నంలోంచి మీ ఇల్లు చూడండి. కిటికీ ఊచల నీడ గచ్చు మీద పడేచోట చూడండి. మేడమీద దణ్ణెం తీగ, దాని కింద నీడ, రెండూ ఒకచోట కలిసి ఒకచోట విడిపోతాయి. చాప అల్లికలో ఒక మూల చూడండి. చీర కుచ్చిళ్ళు మడత పెట్టినప్పుడు అంచు పడే గీతలు చూడండి. అట్ట కొంచెం జరిపితే ఒక గీత బయటికి పోతుంది, ఇంకొకటి లోపలికి వస్తుంది. ఎక్కడ ఆపితే బాగుందో మీ కన్నే చెప్తుంది. ఆ ఆపడమే నస్రీన్ కెమెరాతో చేసిన పని. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకీ ఇవ్వండి, మనకన్నా త్వరగా పట్టుకుంటారు.

ఆ తర్వాత ఎప్పుడైనా ప్రదర్శనలో ఉత్త గీతల కాగితం ఎదురైతే, "ఇది ఏ వస్తువు?" అని అడగడం కాస్త పక్కన పెట్టండి. గీత ఎక్కడ ఒత్తుగా ఉంది, ఎక్కడ పలచబడింది, నా కన్ను ఏ వేపు నడుస్తోంది, ఎక్కడ ఆగుతోంది అని చూడండి. రెండు నిమిషాలు చాలు. నచ్చితే సరి. నచ్చకపోయినా నష్టం లేదు. అన్ని కూరలూ అందరికీ రుచించవు కదా. కానీ వడ్డించినదాన్ని ఒక్క ముద్ద రుచి చూసి చెప్పడం మర్యాద.

లోకాన్ని వదిలేసి గీతలు గీసిందా ఈవిడ అని మొదట అడుగుకున్నాం. రోడ్డు మీది చారని, మగ్గం మీది దారాన్ని, తడి ఇసుకని అంత శ్రద్ధగా చూసిన మనిషి లోకాన్ని వదిలిందని ఎలా అంటాం? మన కాలికింద ఉన్నా మనం చూడనిదాన్ని ఆవిడ చూశారు. చెయ్యి వణుకుతున్నా తిన్నగా గీసి చూపించారు.